నాలుగు కిలోమీటర్ల లెక్క: తెలంగాణ రవాణా శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రివర్యులకు, రవాణా కమిషనర్ గారికి, ఆ శాఖ అధికారులందరికీ నమస్కారాలు.

నేను బోడుప్పల్‌లో ఉంటాను. సికింద్రాబాద్‌లో ఒక చిన్న సంస్థలో జమాఖర్చులు చూస్తాను. ఉదయం ఇంటి నుంచి ఉప్పల్ మెట్రో స్టేషన్ దాకా ఆటో, అక్కడి నుంచి సికింద్రాబాద్ ఈస్ట్ దాకా మెట్రో. సాయంత్రం అదే దారిన తిరుగు ప్రయాణం. మెట్రో టికెట్టు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంటికీ స్టేషనుకూ మధ్య ఉన్న నాలుగు కిలోమీటర్లకు రేపు ఎంతవుతుందో మాత్రం చెప్పలేను. ఈ లేఖ ఆ నాలుగు కిలోమీటర్ల గురించే.

మీ శాఖ కాగితాల్లో దానికొక ధర ఉంది. 2014లో హైదరాబాద్ ఆటోలకు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 11 రూపాయలు అని ఖరారు చేశారు. ఆ లెక్కన నా ప్రయాణానికి 46 రూపాయల 40 పైసలు. పదేళ్లు దాటినా ఆ రేటు అక్కడే ఉండిపోయింది. ఈలోగా బీమా పెరిగింది, బండి కిస్తీ పెరిగింది, ఆటో నడిపే వారి ఇంటి అద్దె పెరిగింది. ఆర్టీసీ చార్జీలు పెరిగాయి. మెట్రో చార్జీలు 2025 మేలో పెరిగాయి. ఆటో మీటరు రేటు కదలలేదు, దాంతో మీటరే కదలడం మానేసింది. తూనికలు, కొలతల శాఖ సీలు వేసే ఆ పెట్టె చాలా ఆటోల్లో ఇప్పటికీ ఉంది. దాని మీద కొందరు దేవుడి బొమ్మ పెట్టుకున్నారు, కొందరు తువ్వాలు ఆరేసుకుంటున్నారు.

ఒకసారి ఒక ఆటో ఆయన్ని పట్టుబట్టి మీటరు వేయమన్నాను. ఆయన కోపగించుకోలేదు. "అక్కా, మీరే లెక్క చూడండి. స్టేషను దగ్గర అరగంట నిలబడ్డాను. మిమ్మల్ని దింపాక అక్కడ గిరాకీ దొరకదు, ఖాళీగా తిరిగి రావాలి. నలభై ఆరు రూపాయల్లో ఎనిమిది కిలోమీటర్ల గ్యాసు పోతే ఇంటికి ఏమి తీసుకెళ్లాలి?" అన్నారు. లెక్క చూడడమే నా ఉద్యోగం కాబట్టి ఆ రాత్రి కూర్చుని వేశాను. ఆయన చెప్పింది నిజం.

కిరాయి నిర్ణయించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోని 67వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఒకసారి ఆ అధికారాన్ని వాడి, తర్వాత పదేళ్లు అటువైపు చూడకపోతే ఏమవుతుందో మేము రోజూ అనుభవిస్తున్నాం. ఎవరూ పాటించలేని రేటు ఉన్నప్పుడు ఆటో నడిపే ప్రతి మనిషీ రోజూ నిబంధన తప్పిన వాడవుతాడు. ఎక్కే ప్రతి మనిషీ రోజూ బేరమాడవలసి వస్తుంది. నేను బేరమాడగలను. ఊరి నుంచి వచ్చి తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో బస్సు దిగి, సంచీ పట్టుకుని నిలబడిన పెద్దాయన ఆడలేడు. ఆయన్ని కాపాడడానికే కదా ఆ రేటు పెట్టింది? అది ఆయనకే దక్కడం లేదు.

పక్క నగరాల లెక్క కూడా వేశాను. ముంబైలో 2025 ఫిబ్రవరి నుంచి ఆటోకు మొదటి కిలోమీటరున్నరకు 26 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 17 రూపాయల 14 పైసలు. నా నాలుగు కిలోమీటర్లకు సుమారు 69 రూపాయలు. బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆ పైన కిలోమీటరుకు 18. నా ప్రయాణానికి 72. ఇప్పుడు నా ప్రయాణాల ఖర్చు రాసుకునే పుస్తకంలోని మాట చెబుతాను. వాన లేని, పండుగ లేని మామూలు సాయంత్రం మా స్టేషను దగ్గర ఆటో బుక్ చేసే యాప్ చూపించే కిరాయి 70కీ 80కీ మధ్య ఉంటుంది. గమనించండి. సకాలంలో సవరించిన ప్రభుత్వ ధరా, బజారు తనంతట తాను చేరుకున్న ధరా దాదాపు ఒకచోటే ఉన్నాయి. మన దగ్గర మాత్రం ప్రభుత్వ ధర ఎక్కడో వెనక పడి ఉంది. దాన్ని ముందుకు తెస్తే ఆటో వారికి కొత్తగా లాభమేమీ దోచిపెట్టినట్టు కాదు. ప్రయాణికులం ఇప్పటికే ఇస్తున్నదాన్ని చట్టం గుర్తించినట్టవుతుంది, అంతే. ముంబైలో ఆటో ఎక్కి మీటరు వేయమని ఎవరూ బతిమాలరు. వేస్తారు. ఇంధనం, బండి ఖరీదు, బతుకు ఖర్చు లెక్కలోకి తీసుకుని కిరాయిని సవరించాలని అక్కడ మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఖటువా కమిటీ ఒక సూత్రం సిఫారసు చేసింది. ఆ మీటరు తిరుగుతూ ఉండడానికి కారణం ఆ సవరణేనని నేను నమ్ముతున్నాను.

ఇక యాప్‌ల సంగతి. వాటి వల్ల జరిగిన మేలు ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు ముగిసిన ఆడపిల్ల ఇంటికి వెళ్లే దారి యాప్ వచ్చాక మారింది. బండి నంబరు, నడిపే వారి పేరు, వెళ్తున్న దారి ఇంట్లో వారికి కనిపిస్తాయి. ఎక్కకముందే ధర తెలుస్తుంది. మూడు ఆటోలు వద్దన్నాక నాలుగో ఆటోను ప్రాధేయపడే రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను.

మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ విషయం మీద మా ఇంట్లో చాలాసార్లు వాదన జరిగింది. "అత్తా, ప్రభుత్వం జోక్యం వద్దే వద్దు. వాన పడితే ధర పెరుగుతుంది, పెరిగితేనే ఇంట్లో కూర్చున్న డ్రైవరు బయటికి వస్తాడు. నచ్చకపోతే ఎక్కవద్దు" అంటాడు. అందులో మొదటి సగం నేను ఒప్పుకుంటాను. వానలో పాత రేటుకే రమ్మంటే బండి రాదు. ధర చవకగా కాగితం మీద ఉండి బండి రోడ్డు మీద లేకపోతే నాకేమి ఉపయోగం?

రెండో సగం దగ్గరే పేచీ. ధర నచ్చకపోతే వద్దనే స్వేచ్ఛ ఉండాలంటే ఆ ధర ఎలా వచ్చిందో తెలియాలి, పక్కన ఇంకొకటి కనిపించాలి. మన రైతుబజార్లు చూడండి. 1999లో మొదలయ్యాయి. ఎర్రగడ్డకు వెళ్లినా మెహదీపట్నం వెళ్లినా ఆ రోజు టమాటా ఎంత, బెండకాయ ఎంత అని బోర్డు ఉంటుంది. బయట బండ్ల మీద అమ్మేవారు ఆ ధరకే అమ్మాలని ఎవరూ అనరు. వారి ఇష్టం వారిది. అయినా ఆ బోర్డు చూసి వచ్చిన ఇల్లాలిని బయట ఎవరూ మోసం చేయలేరు. "లోపల ముప్ఫై ఉంది, నువ్వు నలభై అంటున్నావు, సరుకు మంచిదైతే ముప్ఫై అయిదు ఇస్తాను" అని నిబ్బరంగా అడుగుతుంది. ప్రభుత్వ ధర ఒకటి పక్కన నిలబడి ఉండడం వల్ల బయటి బజారు కూడా నిజాయతీగా నడుస్తుంది. యాప్‌లో ఆ బోర్డు లేదు. నాకు చూపే ధర నాకొక్కదానికే చూపే ధర. పక్కన నిలబడిన ఆమె ఫోనులో ఇంకొకటి ఉండవచ్చు. ఐఫోనుకు ఒక ధర, ఆండ్రాయిడ్‌కు ఒక ధర చూపుతున్నారన్న ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 జనవరిలో ఓలా, ఊబర్ సంస్థలకు నోటీసులు ఇచ్చింది. అలా చేయడం లేదని ఆ సంస్థలు చెప్పాయి. వారి మాట నిజమే కావచ్చు. నిజమో కాదో సరిచూసుకునే సాధనం ప్రయాణికుల చేతిలో లేదన్నదే నా బాధ.

కిందటి వానాకాలంలో ఒక రాత్రి మా అత్తగారికి ఊపిరి ఆడలేదు. అంబులెన్సుకు ఫోను చేస్తే చాలా దూరం నుంచి రావాలన్నారు. కుండపోత వాన. మూడు యాప్‌లు తెరిచాను. ఒకదానిలో బుక్ అయిన బండి రెండు నిమిషాల్లో రద్దయింది. ఇంకొకటీ రద్దయింది. ముందుగానే టిప్పు కలిపితే బండి త్వరగా దొరుకుతుందని తెర మీద వచ్చింది. అయిదేళ్ల పిల్లాడు అడిగినా ఆ సమయంలో ఇచ్చేసేదాన్ని. యాభై కలిపాను. క్యాబ్ వచ్చింది, ఆసుపత్రికి చేరాం, ఆమె బతికారు. దిగేటప్పుడు టిప్పు కాక కిరాయి 312 రూపాయలు కట్టాను. డ్రైవరు మంచివాడు, మా అత్తగారిని తానే చేయిపట్టి దింపాడు. వారం తర్వాత మందుల కోసం వెళ్తుంటే అనుకోకుండా మళ్లీ ఆయన బండే వచ్చింది. ఆ రాత్రి తనకు ఎంత జమ అయిందో ఫోనులో వెతికి చూపించాడు. 214. మిగిలిన 98 రూపాయలు ఎవరివి, ఎందుకు? నూటికి ముప్ఫై ఒకటికి పైగా మధ్యలో ఆగిపోయింది. "అమ్మా, వాన పడితే మీ వైపు పెరిగినంత మా వైపు పెరగదు" అన్నాడు ఆయన.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒక్క కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ మొదలుపెట్టలేదు. మా మేనల్లుడి వాదన నిలబడాలంటే పెరిగిన ధర డ్రైవరుకు చేరాలి. చేరితేనే కదా అతను వానలోకి వచ్చేది! చేరకపోతే అది బజారు చేసే పని అనిపించుకోదు. కష్టంలో ఉన్న ఇద్దరి మధ్య మూడో వ్యక్తి చేయి పెట్టడమే అవుతుంది.

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ యాప్ సంస్థల కోసం కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. సొంత బండి నడిపే డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం చేరాలి. రద్దీ వేళ ధర మూల కిరాయికి రెండింతలు దాటకూడదు. అంతకుముందు 2020 నాటి మార్గదర్శకాల్లో ఆ పరిమితి ఒకటిన్నర రెట్లే. సరైన కారణం లేకుండా రద్దు చేస్తే ఇరువైపులా జరిమానా కిరాయిలో పది శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు. ఆ రాత్రి ఈ 80 శాతం నియమం నడిచి ఉంటే నా 312లో దాదాపు 250 ఆ డ్రైవరుకు వెళ్లేవి. అయితే వీటిని అమలు చేయవలసింది రాష్ట్రాలే. అందులోనూ ఒక మెలిక ఉంది. మూల కిరాయి అంటే రాష్ట్రం ప్రకటించిన కిరాయి. మన ఆటోలకు 2014 నాటి రేటునే మూలంగా పెట్టుకుంటే నా నాలుగు కిలోమీటర్లకు గరిష్ఠ పరిమితి 92 రూపాయల 80 పైసలు. పోయిన సెప్టెంబరులో ఒక వాన సాయంత్రం నేను 184 కట్టాను. మీరు పాత రేటు మీదే రెండింతల గీత గీస్తే వాన రోజున ఒక్క ఆటో రాదు, లేదా ఆ గీతను ఎవరూ లెక్కచేయరు. గీత అసలు గీయకపోతే 184 రేపు 250 అవుతుంది. మూల కిరాయిని ఈ కాలానికి తెస్తేనే పరిమితి పరిమితిగా పనిచేస్తుంది. బెంగళూరు రేటు ప్రకారమైతే అది 144. వానలో 144 ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇంకొక మార్పును మీరు గమనించే ఉంటారు. చాలా యాప్‌లు ఇప్పుడు కమీషన్ వదిలేసి ఆటో వారి దగ్గర రోజుకింత అని రుసుము తీసుకుంటున్నాయి. బెంగళూరులో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి ఊబర్ కూడా ఆటోలకు ఇదే మార్గం పట్టింది. డ్రైవరుకు ఇది మంచిదేనని నాతో మాట్లాడిన వారిలో చాలామంది అన్నారు. కిరాయి మొత్తం చేతికి వస్తుంది. అయితే కంపెనీ ఇప్పుడు "మేము ఇద్దరినీ కలుపుతాం, ధర మీరూ మీరూ చూసుకోండి" అనగలదు. తెర మీద 78 చూపిస్తుంది, ఆటో ఆయన ఫోను చేసి 110 అంటారు, ఫిర్యాదు చేస్తే బాధ్యత ఎవరిదో తేలదు. మీ నియమాలు కమీషన్ చుట్టూ మాత్రమే అల్లితే ఈ కొత్త పద్ధతి వాటి కిందనుంచి జారిపోతుంది.

డ్రైవర్ల వైపు ఒక మాట. 2023 డిసెంబరు 9న ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక నేనూ వారానికి రెండు మూడు రోజులు బస్సులోనే వెళ్తున్నాను. ఆ పథకం నాలాంటి వారికి నిజంగా మేలు చేసింది. మా ఆఫీసులో ఊడ్చే ఆమె నెలకు మిగిలిన బస్సు డబ్బులతో కూతురికి ట్యూషన్ పెట్టించింది. ఆ మేలు విలువలో కొంత ఆటో వారి గిరాకీ తగ్గడం రూపంలో వారి ఇళ్ల నుంచి వెళ్లింది. బస్సు ఉచితం చేసింది ప్రభుత్వమే, ఆటో రేటు బిగించి ఉంచిందీ ప్రభుత్వమే. రెండు వైపులా మూసి, వాళ్లు ఎక్కువ అడుగుతున్నారని మనం తిట్టుకోవడం ధర్మం కాదు.

పర్మిట్ల చరిత్ర కూడా మీ శాఖలో అందరికీ తెలిసినదే. నగరంలో కొత్త ఆటోలకు ఏళ్ల తరబడి అనుమతి ఆపి ఉంచారు. రద్దీ, కాలుష్యం తగ్గాలన్నది ఉద్దేశం. జరిగిందేమిటంటే బండి కన్నా పర్మిటుకు విలువ వచ్చింది. పర్మిట్లు ఫైనాన్షియర్ల చేతుల్లోకి చేరాయి, నడిపేవారు రోజు అద్దెకు కుదిరారు. న్యూయార్క్‌లోనూ 1937 నుంచి టాక్సీల సంఖ్యకు కట్టడి ఉండేది. 2014 నాటికి అక్కడ ఒక్క టాక్సీ పర్మిటు పది లక్షల డాలర్లు దాటింది. యాప్‌లు వచ్చాక ఆ విలువ కూలిపోయి, అప్పు చేసి కొన్న డ్రైవర్లు మునిగిపోయారు. ఎలక్ట్రిక్ ఆటోలకు మీరు తలుపు తెరవడం మంచి పని. ఆ పర్మిటు నడిపే మనిషి పేరు మీదే ఉండేలా కూడా చూడండి.

పోటీ పెరగడానికి మీరు చేయగల పని ఇంకొకటి ఉంది. 2011 జనవరిలో దేశమంతటా మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్ ధరను నిర్ణయించలేదు. నచ్చకపోతే వెళ్లిపోయే దారి మాత్రం తెరిచింది. ఆ దారి వల్ల కంపెనీలు మమ్మల్ని కొంత మర్యాదగా చూశాయి. తర్వాత కంపెనీలు తగ్గి ప్రధానంగా మూడు ప్రైవేటు సంస్థలు మిగిలాక, 2024 జూలైలో మూడూ కొద్ది రోజుల తేడాతో ధరలు పెంచాయి. పోటీ ఉంటేనే ఆ దారికి విలువ. ఆటో, క్యాబ్ డ్రైవర్లకు అలాంటి దారి లేదు. అయిదేళ్లు ఒక యాప్‌లో మంచి పేరు తెచ్చుకున్న మనిషి ఇంకొక యాప్‌కు వెళ్తే కొత్తవాడే. ప్రయాణికులు ఆయనకు ఇచ్చిన నక్షత్రాలు, ఆయన పూర్తి చేసిన వేల ప్రయాణాల లెక్క ఆ మొదటి కంపెనీ సొత్తుగా ఉండిపోతాయి. లైసెన్సు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: డ్రైవరు అడిగితే ఆ లెక్క ఆయనకు ఇవ్వాలి, ఇంకొక సంస్థ దాన్ని అంగీకరించాలి. దీనికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చు ఉండదు.

నేను మిమ్మల్ని అడుగుతున్నది ఇదీ. ఆటో, క్యాబ్ కిరాయి మీద ప్రతి ఏడాదీ ఒక బహిరంగ విచారణ జరపండి. కరెంటు చార్జీల మీద విద్యుత్ నియంత్రణ మండలి జరుపుతుంది. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు లెక్కలు ముందు పెడతాయి, రైతులూ వ్యాపారులూ గృహిణులూ లేచి అభ్యంతరం చెబుతారు, ఆ తర్వాతే ఉత్తర్వు వస్తుంది. మెట్రో చార్జీలకు కూడా కమిటీ వేసి జనం అభిప్రాయం అడిగారు. ఆటో ఎక్కే వారిని, నడిపే వారిని మాత్రం ఎవరూ ఎందుకు పిలవరు? గ్యాసు ధర, బండి ధర లెక్కలోకి వచ్చే ఒక సూత్రం పెట్టి, ఏటా ఫలానా తేదీన దానంతటదే అమలయ్యేలా చేయండి. ఎన్నికలు వచ్చినా రాకపోయినా, ధర్నా జరిగినా జరగకపోయినా ఆ తేదీ మారకూడదు. ఆ రేటు ప్రతి మెట్రో స్టేషన్ ముందు, ప్రతి బస్టాండు ముందు బోర్డు మీద రాయించండి, యాప్‌లో కూడా చూపించే కిరాయి పక్కనే అది కనిపించాలి. నేను కట్టిన మొత్తం, డ్రైవరుకు చేరిన మొత్తం, మధ్యలో ఆగింది ఎంత అన్నవి ప్రయాణం ముగియగానే ఇద్దరి ఫోనుల్లోనూ ఒకేలా రావాలి. ఆసుపత్రికి వెళ్లే ప్రయాణాలకు, వరద హెచ్చరిక ఉన్న రోజులకు పరిమితి గట్టిగా ఉండాలి. ఆ వేళ బేరమాడే స్థితిలో మనిషి ఉండడు. మిగతా రోజుల్లో కంపెనీలు పోటీ పడనివ్వండి, తగ్గించుకోనివ్వండి, కొత్త పద్ధతులు తెచ్చుకోనివ్వండి. నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఈ ఏడాది జనవరి నుంచి ఆ నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలన్నీ తేదీ, సమయం, యాప్ చూపిన ధర, నేను కట్టిన ధరతో ఒక పుస్తకంలో రాసి పెట్టాను. ఒప్పుకున్న డ్రైవర్ల దగ్గర వారికి చేరిన మొత్తం కూడా పక్కన రాసుకున్నాను. మీరు విచారణ పెట్టిన రోజున సెలవు పెట్టి ఆ పుస్తకం తీసుకుని వస్తాను. ఉప్పల్ స్టేషన్ దగ్గర ఆటో నిలిపే వారిలో ముగ్గురు తమ గ్యాసు బిల్లులు, కిస్తీ రసీదులతో వస్తామన్నారు. తేదీ చెప్పండి.

ఇట్లు,
బోడుప్పల్ నివాసి, రోజూ ప్రయాణించే ఒక ఉద్యోగిని